పక్క నుంచి వచ్చిన బంటు

ఉయ్యూరు చుట్టుపక్కల చదరంగం మాట వస్తే రెండు ఊళ్ల పేర్లు రాక తప్పదు. ఒకటి పొరుగునే ఉన్న గుడివాడ, కోనేరు హంపి పుట్టిన ఊరు. రెండోది కృష్ణ దాటితే వచ్చే గుంటూరు, పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారికల ఊరు. 2024 డిసెంబరు 12న దొమ్మరాజు గుకేశ్ 18 ఏళ్లకే ప్రపంచ ఛాంపియన్ అయ్యాక, చెన్నైలో స్థిరపడిన ఆ తెలుగు కుటుంబం ఊసు కూడా ఇందులో చేరింది. ఆ పోటీలోని 11వ గేమ్ మీద సాగే సంవాదం ఇది. మాట్లాడేది ఒక మేనమామ, ఒక మేనల్లుడు. ఇద్దరూ ఉయ్యూరు వాళ్లు, ఇద్దరూ నా కల్పనే. మావయ్య చక్కెర ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసి రిటైరయ్యాడు, సాయంత్రాలు పిల్లలకు చదరంగం నేర్పుతాడు. అల్లుడు డిగ్రీ చదువుతూ రేటింగ్ టోర్నీలు ఆడుతుంటాడు. తగవు ఒక్కటే. తెల్లపావులు చేతికొచ్చినప్పుడు మధ్య బంటును రెండు గళ్లు తోయకుండా పక్కల నుంచి మొదలుపెట్టే ఫ్లాంక్ ఓపెనింగ్ పోటీ ఆటలో దమ్మున్న పనేనా, లేక తప్పించుకోవడమా? నా మొగ్గు అల్లుడి వైపే. మావయ్య అభ్యంతరాలు తేలిగ్గా తీసేసేవి కావు కాబట్టి ఆయన్నే ముందు మాట్లాడనిస్తున్నాను. దగ్గర్లో బోర్డు ఉంటే పావులు పేర్చుకుని చదవండి, రుచి తెలుస్తుంది.

మావయ్య: ఏరా అల్లుడూ, నేను పిల్లలకు మొదటి రోజు చెప్పే మాట ఒకటే. బోర్డు మధ్యలో నాలుగు గళ్లున్నాయి, ఇ4, డి4, ఇ5, డి5. వాటి మీద పట్టు ఎవరిదైతే ఆట వాళ్లది. మధ్యలో నిలబడ్డ గుర్రం ఎనిమిది గళ్లు చూస్తుంది, మూలన కూర్చున్న గుర్రం రెండే చూస్తుంది. పాతకాలపు మాస్టర్ టార్రాష్ చెప్పినా నేను చెప్పినా ఈ లెక్క మారదు. నువ్వేమో మొదటి ఎత్తుకు గుర్రాన్ని ఎఫ్3కి తెస్తావు. వాడు డి5 అంటే నువ్వు సి4 అంటావు. వాడు ఆ బంటును డి4కి తోసుకుని మన సగంలోకి వచ్చి కూర్చుంటే, నువ్వు మూడో ఎత్తుకు ఎక్కడో ఎడమ అంచున బి4 అంటావు. మూడు ఎత్తులు అయ్యేసరికి ఆ నాలుగు గళ్లలో నీ బంటు ఒక్కటీ లేదు. వాడి బంటు మాత్రం నీ ఇంట్లో ఉంది. ఎదురు నిలబడే ధైర్యం లేక చుట్టూ తిరగడం తప్ప ఇందులో నాకేమీ కనపడదు. అవతలివాడు ఓపెనింగ్ బాగా చదువుకుని వచ్చాడేమోనని భయపడేవాళ్లు వెతుక్కునే దారి ఇది.

అల్లుడు: మీరు లెక్కపెట్టిన ఆ మూడు ఎత్తులే 2024 డిసెంబరు 8న సింగపూర్‌లో గుకేశ్ ఆడాడు మావయ్యా. అప్పటికి స్కోరు 5–5. మొదటి గేమ్ అప్పటి ఛాంపియన్ డింగ్ లిరెన్ గెలిచాడు, మూడోది గుకేశ్ గెలిచాడు, ఆ తర్వాత వరసగా ఏడు డ్రాలు. మిగిలింది నాలుగు గేములు, వాటిలో గుకేశ్‌కు తెల్లపావులు వచ్చేది రెండుసార్లే. అలాంటి రోజున తప్పించుకోవాలనుకునేవాడు బి4 ఆడడు, అందరికీ తెలిసిన దారిలో నెమ్మదిగా డ్రా దాకా నడిపించుకుంటాడు. ఇక మధ్య గళ్ల సంగతి. డింగ్ మూడో ఎత్తుకు సి5 ఆడి డి4 బంటుకు దన్ను పెట్టాడు. గుకేశ్ నాలుగో ఎత్తుకే ఇ3 అన్నాడు. అంటే మధ్యలోకి వచ్చిన బంటును రెండు పక్కల నుంచీ తవ్వడం మొదలుపెట్టాడు, ఒక పక్క బి4, ఇంకో పక్క ఇ3. ఆరో ఎత్తుకు డి4లో బంట్లు మారాయి. దన్నుగా ఉన్న సి5 బంటే డి4కి వచ్చి కొట్టాల్సి వచ్చింది కాబట్టి ఇక దాని వెనక మరో బంటు లేదు. ఏడో ఎత్తుకు హెచ్3 అని అడిగేసరికి డింగ్ తన బిషప్‌ను ఇచ్చి ఎఫ్3 గుర్రాన్ని తీసుకున్నాడు. ఆ నల్లబంటు డి4లో చివరి ఎత్తు దాకా అలాగే నిలబడి ఉంది. మధ్యలో నా బంటు లేదన్నారు కదా, మధ్యలో ఉన్న ఆ బంటు చేసిన పనేమిటో మీరే చెప్పండి.

మావయ్య: చెప్పేది బాగానే ఉంది గానీ, ఆ ఆట గెలిపించింది ఓపెనింగా, డింగ్ పొరపాటా? 28వ ఎత్తుకు ఆయన మంత్రిని సి8కి జరిపాడు. గుకేశ్ 29వ ఎత్తుకు తన మంత్రితో సి6 గుర్రాన్ని కొట్టాడు. డింగ్ అక్కడే చెయ్యి కలిపి లేచిపోయాడు. అంత పెద్ద పొరపాటు ఏ ఓపెనింగ్‌లోనైనా జరుగుతుంది. ఇంజిన్‌ను అడిగి చూడు, మూడో ఎత్తు బి4 తర్వాత సరిగ్గా ఆడితే నల్లపావులకు ఇబ్బందేమీ లేదంటుంది. అదీగాక మొదట్లో గుకేశ్ చేతికి చిక్కిన ఆధిక్యం మధ్యలో కరిగిపోయింది కదా. డింగ్ గుర్రాన్ని ఇ5కి తెచ్చాక ఆట సరిసమానమైంది. చివర్లో టైమ్ లేక తడబడ్డాడు, ఓడిపోయాడు. దాన్ని తెచ్చి మూడో ఎత్తు ఖాతాలో రాస్తే ఎలా? పిల్లలకు ఇలాగే చెబితే, వాళ్లు గెలిచిన ప్రతి ఆటకూ తాము ఆడిన మొదటి ఎత్తే కారణమనుకుంటారు.

అల్లుడు: ఇంజిన్ మాటకు నేను కాదనను. కానీ ఆ పొరపాటు బోర్డు మీద ఎక్కడ జరిగిందో చూడండి. బి ఫైల్లో జరిగింది. మూడో ఎత్తుకు బి4కి వచ్చిన బంటే పదో ఎత్తుకు బి5కి, 17వ ఎత్తుకు బి6కి నడిచింది. 22వ ఎత్తుకు డింగ్ మంత్రి దాన్ని కొట్టేసింది. బంటు పోయింది గానీ దాని వెనకున్న దారి తెల్ల ఏనుగులకు తెరుచుకుంది. 23వ ఎత్తుకు ఒక ఏనుగు బి1కి వచ్చింది, 24వ ఎత్తుకు అదే బి5కి ఎక్కింది, 28వ ఎత్తుకు రెండో ఏనుగు దాని వెనక బి1లో నిలబడింది. మూలన కూర్చున్న గుర్రం రెండే గళ్లు చూస్తుందన్నారు మీరు. గుకేశ్ 25వ ఎత్తుకు తన గుర్రాన్ని కావాలనే ఎ1 మూలకు పంపాడు మావయ్యా. ఆ రెండు గళ్లలో ఒకటైన బి3 మీదుగానే అది 27వ ఎత్తుకు సి5 చేరి బి7 బంటు మీద కన్నేసింది. 12వ ఎత్తుకు జి2లో పెట్టిన బిషప్, ఇ4లో ఉన్న మంత్రి ఒకే వాలులో బి7 వైపే చూస్తున్నాయి. అందుకే సి6లో గుర్రాన్ని మంత్రి కొట్టగానే కథ ముగిసింది. బి7 బంటు తిరిగి మంత్రిని కొడితే బి ఫైలు పూర్తిగా ఖాళీ అవుతుంది, బి5 ఏనుగు బి8 ఏనుగును కొడుతుంది. దాన్ని డింగ్ మంత్రి కొడితే, బి1లో కాచుకున్న రెండో ఏనుగు ఆ మంత్రిని కొడుతుంది. లెక్క తేలేసరికి గుకేశ్‌కు ఒక పావు మిగులు. పొరపాటు డింగ్‌దే, కాదనను. ఆ పొరపాటు జరిగే చోటును మాత్రం గుకేశ్ మూడో ఎత్తు నుంచే తవ్వుకుంటూ వచ్చాడు.

మావయ్య: 22వ ఎత్తుకు బంటు పోవడం ముందే వేసుకున్న పథకం అంటావా? నాకలా అనిపించదు. బి6 బంటును కాపాడుకోలేక వదిలేసి, దానికి బదులు ఒత్తిడి పెట్టాడంతే. అది గుకేశ్ తెలివి, ఓపెనింగ్ గొప్పతనం కాదు. ఇంకో మాట విను. ఆ పోటీలో మొదటి 40 ఎత్తులకు 120 నిమిషాలు, అప్పటిదాకా ఎత్తు ఎత్తుకూ కలిసే అదనపు సెకన్లు లేవు. ఆ సంగతి తెలిసీ గుకేశ్ 11వ ఎత్తుకు, జి3 అనే ఒక చిన్న బంటు జరపడానికి, గంట దాకా కూర్చున్నాడు. తాను ఇంటి దగ్గర చదువుకుని వచ్చిన ఓపెనింగ్‌లో గంటసేపు దారి తెలియక కూర్చున్నవాడికి ఆ ఓపెనింగ్ మేలు చేసినట్టా, కీడు చేసినట్టా?

(ఈ ప్రశ్న దగ్గర అల్లుడు ఇరుకున పడ్డాడని నా అభిప్రాయం. ఫ్లాంక్ ఓపెనింగ్ ఆడేవాళ్లు చాలామంది దాచిపెట్టే సంగతి ఇదే.)

అల్లుడు: రెండూ చేసింది. దాచడం దేనికి? ఇ4, ఇ5 ఆటల్లో పదిహేను, ఇరవై ఎత్తుల దాకా పుస్తకం మీ చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. పక్క నుంచి మొదలుపెట్టిన ఆటలో ఆ చెయ్యి త్వరగా వదిలేస్తుంది, ఇద్దరికీ వదిలేస్తుంది. నాలుగో ఎత్తు దగ్గరే డింగ్ అరగంటకు పైగా ఆలోచించాడు. ప్రపంచ ఛాంపియన్ నాలుగో ఎత్తుకు అరగంట కూర్చున్నాడంటే తెల్లపావుల వాడి పని సగం అయినట్టే. గుకేశ్ వెనక పోలెండ్ కోచ్ గజెవ్‌స్కీ, మన గుంటూరు హరికృష్ణ, ఇంకొంతమంది నెలల తరబడి పనిచేశారని పోటీ అయ్యాక బయటపడింది. అంతమంది కలిసి వెతికింది ఇంజిన్ మెచ్చుకునే ఎత్తు కోసం కాదు, డింగ్ తన గడియారంలోంచి తీసి ఖర్చుపెట్టాల్సిన ఎత్తు కోసం. ఆ తర్వాత గుకేశ్ కూడా తన నిమిషాలు తగలేసుకున్నాడు, ఆధిక్యం సగం పోగొట్టుకున్నాడు. అయినా డింగ్ రాజు 24వ ఎత్తు దాకా కోటలోకి పోలేకపోయాడు, చివరి ఎత్తుల్లో ఇద్దరి దగ్గరా టైమ్ లేదు. టైమ్ తక్కువైనప్పుడు కాపాడుకోవడం కష్టం, ఒత్తిడి పెట్టడం సుళువు. ఒత్తిడి పెట్టేది తెల్లపావులు, బి7ను కాపాడుకునేది నల్లపావులు. గడియారం పొరపాటు చేయించిందంటే నేనూ ఒప్పుకుంటాను, కానీ గడియారాన్ని అక్కడికి తెచ్చింది ఓపెనింగే.

మావయ్య: సరే, గెలిచిన ఆట నువ్వు చెప్పావు, ఓడిన ఆట నేను చెబుతాను. 1970లో బెల్‌గ్రేడ్‌లో సోవియట్ యూనియన్‌కూ, మిగతా ప్రపంచానికీ పోటీ జరిగింది. డెన్మార్క్ లార్సెన్ మొదటి బోర్డు మీద స్పాస్కీతో ఆడుతూ మొదటి ఎత్తే బి3 అన్నాడు. స్పాస్కీ ఇ5 అన్నాడు, నాలుగో ఎత్తుకు ఆ బంటునే ఇ4కి తోసి గుర్రాన్ని తరిమాడు. మధ్య అంతా స్పాస్కీదే అయింది. ఆ తర్వాత హెచ్ బంటు దూసుకొచ్చి, ఒక ఏనుగును ఎరగా వేసి, 17 ఎత్తుల్లో ఆట ముగించాడు. అప్పటికి లార్సెన్ ప్రపంచంలో అయిదారుగురు మేటి ఆటగాళ్లలో ఒకడు. అలాంటివాడికే పదిహేడు ఎత్తులు పట్టిందంటే, ఉయ్యూరు నుంచి బెజవాడ వెళ్లి టోర్నీ ఆడే మన కుర్రాడి గతేమిటి?

అల్లుడు: ఆ ఆట నాకు కంఠోపాఠం మావయ్యా. అది మీ పక్షం కన్నా నా పక్షానికే ఎక్కువ సాక్ష్యం చెబుతుంది. లార్సెన్ బి3 ఆడినందుకు ఓడిపోలేదు. ఇ4లోకి వచ్చిన బంటును ఆట ముగిసేదాకా ఒక్కసారీ డి3 అని అడగనందుకు ఓడిపోయాడు. మధ్యను వదులుకుని, ఆ మధ్యను కొట్టడం మరిచిపోయాడు. గుకేశ్ నాలుగో ఎత్తుకే కొట్టాడు. మన డెల్టాలో చెరకు తోటకు నీళ్లు పెట్టేవాడు తోట నడిమధ్యన నిలబడి పెడతాడా? గట్టు మీద, తూము దగ్గర నిలబడతాడు. తోటను వదిలేసి అక్కడికి పోలేదు, తోట కోసమే పోయాడు. ఫ్లాంక్ ఓపెనింగ్‌లో నేను చూసేది అదే. మధ్య గళ్ల మీద తగవు రద్దు కాదు. ఆ గళ్లలో బంటు పెట్టే భారం, పెట్టినదాన్ని మోసే భారం అవతలివాడి మీద పడతాయి.

మావయ్య: తూము దగ్గర నిలబడ్డవాడికి తోటలో ఏ మడి తడిసిందో, ఏది ఎండిందో తెలియాలి. కొత్తవాడికి అది తెలియదు. అక్కడే నా గొడవంతా.

ఇక్కడ నేను కొంచెం అడ్డొస్తాను, ఎందుకంటే ఇద్దరూ వదిలేసిన ఒక సంగతి ఉంది. పక్క నుంచి ఆడే పద్ధతి యూరప్ నుంచి వచ్చిన కొత్త ఫ్యాషన్ అని మావయ్య తరంలో చాలామందికి ఒక నమ్మకం. దానికి కారణం లేకపోలేదు. 1924 న్యూయార్క్ టోర్నీలో రిచర్డ్ రెటీ మొదటి ఎత్తుకు గుర్రాన్ని ఎఫ్3కి తెచ్చి, సి4, మూడో ఎత్తుకు బి4 ఆడి, అప్పటి ప్రపంచ ఛాంపియన్ కాపాబ్లాంకాను 31 ఎత్తుల్లో ఓడించాడు. కాపాబ్లాంకా అంతకు ముందు ఎనిమిదేళ్లుగా ఓటమి ఎరగడు. సరిగ్గా నూరేళ్లకు సింగపూర్‌లో గుకేశ్ ఆడిన మొదటి మూడు ఎత్తులూ అవే, నల్లపావుల జవాబులే వేరు. కానీ రెటీ కన్నా డెబ్బై ఏళ్ల ముందే, 1850ల్లో, కలకత్తాలో జాన్ కాక్రేన్ అనే బారిస్టరుతో మహేశచంద్ర బెనర్జీ ఆడిన ఆటలు ఉన్నాయి. డి6, జి6 అని బంట్లను ఒక్కో గడే జరిపి, బిషప్‌ను జి7లో కూర్చోబెట్టి, మధ్యను కాక్రేన్‌కు వదిలి, తర్వాత దాన్ని కొట్టే పద్ధతి అది. మన దేశంలో చాలాచోట్ల పాత చదరంగంలో బంటు మొదటి ఎత్తుకు కూడా ఒక్క గడే కదిలేది. మధ్యను ఒక్క ఊపులో ఆక్రమించే వీలే లేని ఆటలో పెరిగినవాడికి దూరం నుంచి దాన్ని పట్టుకోవడం సహజంగానే అలవడుతుంది. ఈ పద్ధతులకు ప్రపంచమంతా ఈనాటికీ ఇండియన్ డిఫెన్స్ అనే పేరు నిలిచిపోయింది. పిరికితనమని దీన్ని తీసేస్తే మన ముత్తాతల ఆటను తీసేసినట్టే.

మావయ్య: ముత్తాతల మీద నాకు గౌరవం ఉంది గానీ, మళ్లీ సింగపూర్‌కే వద్దాం. అదే పోటీలో ఆఖరి గేమ్, 14వది, డిసెంబరు 12న. ఈసారి తెల్లపావులు డింగ్‌వి. ఆయన మొదటి ఎత్తు ఏమిటి? గుర్రం ఎఫ్3కి. నువ్వు మెచ్చుకునే ఎత్తే. ఆ తర్వాత ఏం చేశాడు? పావులు మార్చుకుంటూ, ఆట చప్పబరుస్తూ, డ్రా చేసుకుని టైబ్రేక్‌కు పోవాలని చూశాడు. బంటు ఒకటి తక్కువైనా డ్రా అయ్యే ఎండ్‌గేమే. కానీ 55వ ఎత్తుకు ఏనుగును ఎఫ్2కి పెట్టి, ఏనుగుల మార్పిడికీ, ఆ వెనకే బిషప్‌ల మార్పిడికీ దారి ఇచ్చేశాడు. 58 ఎత్తులకు ప్రపంచ కిరీటం పోయింది. చూశావా, ఆ ఎత్తు మనిషికి ఒక మత్తు ఇస్తుంది. ఏమీ తేల్చకుండా ఆడవచ్చన్న భరోసా ఇస్తుంది. ఆ భరోసాయే ముంచింది.

అల్లుడు: ఇది మాత్రం బలమైన మాట, మావయ్యా. కాదని తోసెయ్యను. 11వ గేమ్, 14వ గేమ్ మొదటి ఎత్తు ఒకటే. ఒకదానిలో గుకేశ్ మూడో ఎత్తుకే బి4 అని తగవు తెచ్చాడు, రెండోదానిలో డింగ్ తగవు వద్దనుకున్నాడు. మీరు తిట్టాల్సింది ఆ రెండో ఉద్దేశాన్ని. అదే డింగ్ అంతకు మూడు రోజుల ముందు ఏం చేశాడో కూడా చెప్పండి. 11వ గేమ్ ఓడిన మర్నాడే, డిసెంబరు 9న, మొదటి ఎత్తు సి4. అదీ ఫ్లాంక్ ఓపెనింగే. ఆ రోజు 39 ఎత్తుల్లో గుకేశ్‌ను చిత్తు చేసి స్కోరు 6–6 చేశాడు. ఆ పోటీలో ఆయన ఆడిన ఆటల్లో అంత గొప్పది ఇంకోటి లేదని నా అభిప్రాయం. అంటే ఆఖరి నాలుగు గేముల్లో మూడు పక్క ఎత్తులతోనే మొదలయ్యాయి, ఆ మూడింటిలోనూ ఫలితం తేలింది. ఇ4తో మొదలైన 13వ గేమ్ ఒక్కటే డ్రా. మూడు ఆటలతో సూత్రం కట్టకూడదని నాకూ తెలుసు. కానీ ఇవి తేల్చకుండా ఆడే ఎత్తులన్న మాటకు ఆ మూడు ఆటలూ ఎదురు నిలబడతాయి.

గెలిచి తీరాల్సిన రోజున మహామహులు ఏం చేశారో కూడా చూడండి. 1987లో సెవిల్‌లో కాస్పరోవ్ ఆఖరిదైన 24వ గేమ్ గెలవకపోతే కిరీటం కార్పోవ్‌కు పోతుంది. ఆ రోజు కాస్పరోవ్ సి4తో మొదలుపెట్టాడు. బంట్లను దూకించలేదు, పావులన్నీ బోర్డు మీదే ఉంచి నెమ్మదిగా నొక్కుతూ పోయాడు, కార్పోవ్ టైమ్ కరిగిపోయింది, 64 ఎత్తులకు గెలిచి స్కోరు 12–12 చేసి కిరీటం నిలబెట్టుకున్నాడు. దానికి ముందు 1972లో రెక్జావిక్‌లో ఆరో గేమ్. ఫిషర్ అంటే ఇ4, ఇ4 అంటే ఫిషర్ అని లోకమంతా అనుకునే రోజుల్లో ఆయన సి4 అన్నాడు. మూడో ఎత్తుకు డి4 కూడా ఆడి, స్పాస్కీకి బాగా తెలిసిన క్వీన్స్ గ్యాంబిట్‌లోకే వెళ్లాడు. పక్క నుంచి మొదలైన ఆట మూడు ఎత్తుల్లో మధ్యకు వచ్చేసింది. ఆట అయ్యాక ఓడిన స్పాస్కీయే చప్పట్లు కొట్టాడు. సి4, ఎఫ్3 గుర్రం ఇలా ఎటైనా తిరగగలవు. ఎటు తిరుగుతాయో అవతలివాడు కనిపెట్టాలి. ఆ కనిపెట్టడంలోనే వాడి టైమ్ పోతుంది.

మావయ్య: అంత దూరం పోతావేం, గుడివాడ దాకా పోదాం. హంపి 2002లో 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయింది. 2019లో మాస్కోలో, 2024లో న్యూయార్క్‌లో ర్యాపిడ్ ప్రపంచ టైటిల్ గెలిచింది. తెల్లపావులతో ఆవిడ ఎక్కువగా నమ్ముకున్నది డి4. తండ్రి అశోక్ గారు కూర్చోబెట్టి నేర్పిన పునాది అది. ఆ పునాది లేకుండా ఫోన్‌లో రెండు వీడియోలు చూసి, జి3, బిషప్ జి2, కోట, డి3 అని అవతలివాడు ఏం ఆడుతున్నాడో చూడకుండా ఆరు ఎత్తులు గబగబా వేసే పిల్లలు నా దగ్గరకే వస్తున్నారు. ఏడో ఎత్తుకు ఏం చేయాలో వాళ్లకు తెలియదు. బోర్డు మీద పావులున్నాయి గానీ ఆట లేదు.

అల్లుడు: హంపి డి4 తర్వాత తరచూ జి3 ఆడి బిషప్‌ను జి2లో పెడుతుంది. కాటలాన్ అంటారే, అది. మధ్య బంటు ఉంది, పక్క బిషప్పూ ఉంది. మీ సిద్ధాంతమూ నాదీ ఆవిడ ఆటలో ఒకే వాకిట్లో ఉన్నాయి. పిల్లల సంగతికి వస్తే మీతో నాకు పేచీ లేదు. ఎనిమిదేళ్ల పిల్లాడికి బి4 నేర్పమని నేననను. బంట్లు ఎదురెదురుగా తలపడితే ఏం జరుగుతుందో, ఫైలు తెరుచుకుంటే ఏనుగు ఏం చేస్తుందో తెలిసే దాకా ఇ4 ఆడాలి, ఓడాలి, మళ్లీ ఆడాలి. చూడకుండా ఆరు ఎత్తులు వేసేవాడి రోగం ఫ్లాంక్ ఓపెనింగ్ వల్ల వచ్చింది కాదు. వాడు డి4, బిషప్ ఎఫ్4 అని లండన్ సిస్టమ్ ఆడినా అలాగే ఆడతాడు, అందులో మీ మధ్య బంటు కూడా ఉంటుంది. మీరు కోప్పడాల్సింది చూడకపోవడం మీద. ఎఫ్3 గుర్రం, సి4, బి4 ఆడేవాడు చూడకుండా ఒక్క ఎత్తు కూడా వేయలేడు. డి4కి బంటు వస్తే ఒకలా, డి5లో ఆగితే ఒకలా, సి4లో కొడితే ఇంకోలా ఆడాలి. మధ్యను ఆక్రమించేవాడికి తన బంట్లే దారి చూపిస్తాయి. వదులుకున్నవాడు ప్రతి ఎత్తుకూ మధ్యను కొత్తగా లెక్కకట్టుకోవాలి. అందుకే ఇది తేలిక దారి అన్న మాట నాకు ఎంతకీ మింగుడుపడదు.

మావయ్య: కష్టమైన దారి అని నువ్వే అంటున్నావు, ఇన్నాళ్లూ దాన్ని సుళువని అమ్మేవాళ్లనే నేను చూశాను. ఆ మాట మొదటే చెబితే ఇంత గొంతు చించుకునేవాణ్ణి కాదు. అయినా పోటీలో తెల్లపావులొస్తే నా చెయ్యి మాత్రం ఇ4కే పోతుంది, ఈ వయసులో మార్చుకోను.

సంవాదం ఇక్కడితో ఆపుతున్నాను. మావయ్య ఇ4ను వదలనక్కర్లేదు. వదలమని అల్లుడూ అనలేదు. నా తీర్పు మాత్రం సూటిగానే చెబుతాను. ఫ్లాంక్ ఓపెనింగ్ మధ్య గళ్ల కోసం జరిగే పోరును తప్పించదు, దాన్ని ఆలస్యం చేసి ఇద్దరినీ సొంత బుర్రతో ఆలోచించేలా చేస్తుంది. గుకేశ్ గెలిచిన 11వ గేమ్ మచ్చలేని ఆట కాదు. ఆధిక్యం వచ్చింది, పోయింది, బంటు పోయింది, టైమ్ పోయింది. అయినా మూడో ఎత్తు బంటు నడిచిన ఫైల్లోనే 29వ ఎత్తుకు ఆట తేలింది. ఓపెనింగ్ ఏమీ చేయలేదని అనడానికి అందుకే నాకు నోరు రాదు. డెల్టాలో పిల్లలకు చదరంగం నేర్పే మాస్టార్లకు ఒక విన్నపం. ఈ ఎత్తులను పుస్తకం చదవక్కర్లేని సులభ పద్ధతిగా నేర్పకండి. ఇ4తో ఒకటి రెండేళ్లు ఆడించాక, సింగపూర్ 11వ గేమ్‌ను, 14వ గేమ్‌ను పక్కపక్క బోర్డుల మీద పేర్చి, ఒకే మొదటి ఎత్తు నుంచి అవి ఎక్కడ విడిపోయాయో పిల్లల చేతనే చెప్పించండి.